అజంతం

ఆయన్ని నేనెప్పుడూ కలవలేదు.
ఆయన నోరు మాత్రం నా నోటికన్నా బాగా తెలుసు.
కింది వరసలో ఎడమపక్క ఒక పన్ను వంకర,
'ప' పలికే ముందు పై పెదవి వెంట్రుకవాసి వణుకు.
ఇరవై మూడేళ్లుగా మలాడ్‌లో
పరుపుల గోదాము మీద మూడో అంతస్తులో
చీకట్లో నిలబడి
ఆ నోట్లో నా హిందీ పోస్తున్నాను.

మొదటి సినిమాకి పన్నెండు వందలిచ్చారు.
తెరమీద ఆయన కాలేజీ గోడ దూకాడు,
ఎవరిదో గొడుగు లాక్కుని వానలో పరిగెత్తాడు,
ఒక్క ఊపిరిలో పదిహేడు మాటలు.
ఊపిరి నాకూ ఉండేది. అప్పుడు ఇరవై ఎనిమిది.
చిక్కల్లా చివరలతోనే.
ఆయన మాట తలుపు తీసే ఉంచి వెళ్తుంది:
వస్తాడు, చంపుతాను, పోరా, అమ్మా.
నా మాట గడియ పెట్టేసుకుంటుంది:
దోస్త్, ఖతమ్, ఇన్సాఫ్.
నా వాక్యం అయిపోయాక కూడా
ఆయన పెదవులు తెరుచుకునే ఉంటాయి
ఇంకెవరో లోపలికి రావాల్సి ఉన్నట్టు.
ఆ సందులో ఒక 'హై', ఒక 'నా', ఒక 'రే' కుక్కుతాను.
అద్దం అవతల రోహింటన్ వేలు ఊపుతాడు:
"సుహాస్, మళ్లీ. నోరు మిగిలిపోయింది."

తర్వాత ఆయనకి మాటలు తగ్గాయి.
పేరు పెరిగినవాడికి మాటలతో పనేముంది?
నడక వచ్చింది, నల్లద్దాలు వచ్చాయి,
ఎటు తిరిగినా వెనకనుంచి గాలి వచ్చింది.
చొక్కా చెయ్యి మడవడానికి నిమిషంన్నర.
అతిమధురం వేరు నములుతూ కూర్చునేవాణ్ణి,
ఆ నిమిషంన్నర అయ్యాక ఒక్క 'ఊఁ' కోసం.

ఆపై ఏడేళ్లు అక్కడ ఏదీ ఆడలేదట.
ఇక్కడ మాకెవరికీ తెలీలేదు.
రెండో వారం ఎత్తేసిన బొమ్మ
మా టీవీలో ఆదివారం మధ్యాహ్నం, ఏడాదికి నలభైసార్లు.
ఆయన పోస్టరు మీద ఇంకొకడి పోస్టరు అంటిస్తున్న రోజుల్లో
గోరఖ్‌పూర్ రైల్లో, కక్కసు పక్కన నిలబడి,
తాపీపని కుర్రాడొకడు చెల్లెలికి ఫోన్లో
ఆయన డైలాగు నా గొంతుతో చెప్పాడు.
కట్నం అడిగినవాణ్ణి తిట్టే డైలాగు కాదు,
"ఆకలేస్తే చెప్పు, అలిగితే చెప్పకు" అనే చిన్నమాట.
అది రాతలో లేదు.
ఆ రోజు నోరు మిగిలిపోతే నేను నింపింది.
నేనే అని చెప్పలేదు. ఎవరు నమ్ముతారు?

ఒకసారి ఆయనే ముంబై వచ్చాడు.
మాల్‌లో మైకు పట్టుకుని హిందీలో నమస్కారం పెట్టాడు.
సన్నటి గొంతు. కొంచెం సిగ్గు.
సెలూన్లో రామ్‌సజీవన్ టీవీ వైపు చూసి
"అయ్యో, గొంతు పాడైపోయిందే పాపం" అన్నాడు.
నా మెడ అతని కత్తి కింద ఉంది.
నవ్వితే తెగుతుంది.

ఈ వారం కొత్త బొమ్మ. ఆయన తండ్రి.
హీరో ఎవరో పిల్లాడు, వాడికి గొంతివ్వడానికి
చెవిపోగు పెట్టుకున్న ఇంకో పిల్లాడు వచ్చాడు.
పెద్ద మైకు వాడిది. నాది పక్కది.
ఆస్పత్రి మెట్లెక్కే సీను, మాటల్లేవు,
మూడు అంతస్తుల ఆయాసం.
హెడ్‌ఫోన్లో ఆయన అసలు ఊపిరి విన్నాను.
ఎనిమిదో మెట్టు దగ్గర తెలిసిపోయింది
అది నటన కాదని.
మా బిల్డింగుకీ లిఫ్టు లేదు.
నేనూ ఇందాకే ఎక్కి వచ్చాను.
ఆయన రొప్పాడు, నేను రొప్పాను,
ఎవరిది ఎవరిదో రోహింటన్ మీటరు కూడా చెప్పలేదు.

పై మెట్టు మీద వెనక్కి తిరిగి
కొడుకుతో ఒక్కమాట అన్నాడు: రా.
నా భాషలో అది: ఆ.
రెండు నోళ్లూ ఒకేలా తెరుచుకున్నాయి.
ఏమీ మిగల్లేదు.

రోహింటన్ కాసేపు మిషను ఆపలేదు.
చెవిపోగు పిల్లాడు గడియారం చూసుకుని
"అంకుల్, ఇంక నా లూపేనా?" అని అడిగాడు.