తాడుకు ఇవతల

శుఐబా రిఫైనరీలో రాత్రి పదకొండు దాటి
వెల్డర్లంతా బస్సెక్కి పోతే
పైపులూ మేమిద్దరమూ మిగుల్తాం.
పసుపు తాడు కట్టి, ఎర్రదీపం తగిలించి,
పెట్టెలోని ఇరిడియం గుళికను
హ్యాండిల్ తిప్పి బయటికి తోలి
ముప్పై మీటర్లు ఎనక్కి వచ్చి నిలబడతాం.

గుళిక కొత్తగా వచ్చినప్పుడు ఒక్కో ఫిల్ముకు నాలుగు నిమిషాలు.
డెబ్బై నాలుగు రోజులకు ఎనిమిది.
ఇప్పుడది సగంలో సగం.
పదహారు నిమిషాలు ఊరికే నిలబడాల.
దస్తగిరికి ప్రశ్నలు పుట్టేది అప్పుడే.

వాడు నా హెల్పరు. నందలూరోడు.
డిగ్రీలో ఫిజిక్సు ఒక్కటే తప్పి వీసా తీసుకున్నాడు.
సెలవు దొరికితే సప్లిమెంటరీ రాస్తానని
పుస్తకం చింపి, రాత్రికొక పాఠం
కవరాల్ జేబులో పెట్టుకొస్తాడు.
నేను ఐటీఐ.
నాకు తెలిసింది ఛార్టు, మీటరు, భయం.

"అన్నా, డెబ్బై నాలుగు రోజులైందని
పరమాణువుకు ఎవరు చెప్తారు?"

ఎవరూ చెప్పరబ్బా.

"మరి ఈ సగం పోయి ఆ సగం ఎందుకు మిగిలె?
మిగిలినవి ముసిలివైనట్టా?"

కాదంట. మిగిలినదానికి వయసే ఉండదంట.
తయారైన పొద్దు ఎంత కొత్తదో ఈ పొద్దూ అంతే కొత్త.
ట్రైనింగులో మలయాళీ సారు చెప్తాంటే
నేను నిద్దరపోతాంటి,
ఇదొక్కటే చెవిలో పడింది.

"పోయినవి ఏమైతాయి?"
ప్లాటినం, చానా మటుకు.
వాడు నవ్వి నవ్వి హెల్మెట్ జారిపాయ.
"పాత గుళికలు కంపెనీకి వాపసిస్తాం గదన్నా,
మా యక్కకు కమ్మలు చేపిచ్చొచ్చు!"

ఇంకో రాత్రి దుమ్ముగాలి.
"ప్రోటాన్లు ఒకదానికొకటి పడనివే గదా,
అంత ఇరుకులో ఎట్లుంటాయన్నా?"
మహబులాలో మా రూములో ఎనిమిది మంచాలు.
ఆ మాట నేననలా, వాడే అన్నాడు.
"సరే, మనకంటే వీసా అప్పు. వాటికేమి?"
ఆమీద బరువుల లెక్క తీసినాడు:
విడివిడిగా తూస్తే ఎక్కువ, కలిపి తూస్తే తక్కువ.
"తగ్గింది యాడికి పాయ?"
కలిసేటప్పుడే శక్తిగా బయటికి పోయిందని
వాని పుస్తకంలోనే ఉంది.
మళ్లా విడిపోవాలంటే
పోయినదంతా కట్టితేగాని వదలదంట.
వాడు కాసేపు పలకలా.
"వడ్డీ లేదు గదా," అన్నాడు.

విమానం లెక్క ఫిల్ము కవరు ఎనక
పెన్సిలుతో వాడే కట్టినాడు.
కువైట్ నుంచి హైదరాబాదుకు నాలుగున్నర గంట.
కదిలే గడియారం నిదానిస్తాది కాబట్టి
సెకనును నూరు కోట్ల ముక్కలు చేస్తే
అందులో ఆరు ముక్కలు మనకు మిగుల్తాయి.
ఎత్తున గడియారం తొందరపడతాదని వేరే పాఠముందంట,
సిలబస్‌లో లేదని వదిలేసినాడు.
"పోయొస్తే పన్నెండు.
ఏం చేసుకుందామన్నా పన్నెండు ముక్కలతో?"
ఫోనెత్తి హలో అనేదానికీ చాలవు.

నిన్న రాత్రి మాత్రం నవ్వకుండా అడిగినాడు.
"వెలుతురుకు కాలమే లేదంట.
గామా కిరణమూ వెలుతురే గదా.
గుళిక కాడ బయలుదేరిందీ, ఇనుము దాటిందీ,
ఫిల్ముకు తగిలిందీ, దానికి అంతా ఒకటే.
అయితే ఈ పదహారు నిమిషాలు
ఎవరియన్నా?"

ఛార్టులో ఆ గడి లేదు.
వాచీ చూసుకున్నా. ఇంకా రెండున్నర.
సముద్రం పక్క ఫ్లేరు మంట ఎగిరి తగ్గింది.
టైము కాగానే గుళికను పెట్టెలోకి లాగి
మీటరు పట్టుకొని నేను ముందు నడిచినా.
వాన్ని తాడుకు ఇవతలే ఉండమని,
ముల్లు కిందికి పడినాకనే
రమ్మని చెయ్యూపినా.

తెల్లారుజామున డార్క్‌రూములో
నలభై ఒకటో జాయింటు, అడుగున
వెంట్రుకంత నల్లగీత.
రిపేరు అని రాసి సంతకం పెట్టినా.
కవరు ఎనక వాని ఆరు ముక్కలు అట్లే ఉన్నాయి.
చెరపలా.
అదే కవరులో ఫిల్ము పెట్టి
ఇన్‌స్పెక్టరుకు పంపిస్తి.