పైకప్పు లెక్క

త్రియెస్తె. ఫిబ్రవరి, మంగళవారం.
బోరా గాలి కొండ మీంచి దూకి
రేవులో పడవల్ని ఒకదానికొకటి కొట్టిస్తోంది.
నా చేతిలో అట్ట, దానికి బిగించిన ఫారం.
ఫారంలో రెండే గడులు: గుణాలు, లోపాలు.
ఇరవై రెండేళ్లుగా ఇదే నా ఉద్యోగం,
పోయినవాళ్ల కార్లకు ధర కట్టడం.

నెరినా గరాజు తలుపు ఎత్తింది.
లోపల ముదురు నీలం. తొమ్మిదేళ్ల బండి,
నిన్ననే విప్పిన మిఠాయి కాగితంలా మెరుపు.
"ఫుల్వియో దీని మీద పోసిన డబ్బుతో
వంటిల్లు రెండుసార్లు కట్టించుకునేదాన్ని" అంది.
ఆ మాట ఏ గడిలోనూ పట్టదు.

మొదలుపెట్టాను.
ఇంజను: ఆరు సిలిండర్లు,
కాఫీ పొంగేముందు పొయ్యి మీద గిన్నె
చేసే గుసగుస.
స్టీరింగు చూపుడువేలి మాట వింటుంది.
సీట్లు అసలైన తోలు, ఒక్క కుట్టూ ఊడలేదు.
డ్రైవరు సీటు ఎడమ అంచు మాత్రం అరిగింది.
బరువైన మనిషి,
దిగడానికి తొందరపడని మనిషి.
సీటు పట్టాల్లో మూడు పచ్చి కాఫీ గింజలు.
గుణమా, లోపమా?
జేబులో వేసుకున్నాను.

ఇక రెండో గడి.
వెనక సీటు పేరుకే సీటు,
అక్కడ కూర్చోవాలంటే మోకాళ్లు ఇంట్లో వదిలి రావాలి.
డిక్కీలో, కప్పు మూసి ఉంటే రెండు పెట్టెలు,
తెరిస్తే ఒక టూత్‌బ్రష్షు.
వెనకద్దంలోంచి కనిపించే లోకం
పోస్టుడబ్బా సందంత.
గతుకొస్తే తలుపుల్లో చిన్న వణుకు,
మూత తీసేసిన ఏ పెట్టెకైనా ఉండేదే.
నీళ్లు పోయే గొట్టాల్లో పైన్ సూదులు.
కార్పెట్టు కింద చెమ్మ.

పైన పటారం లోన లొటారం అంటారే,
ఇక్కడ సామెత బోర్లా పడింది.
పటారమంతా లోపలే. లొటారం నెత్తిన:
మడతలు పడ్డ చోటల్లా గుడ్డ వెలిసింది,
మోటారు మూలుగుతోంది.

కంప్యూటరు తగిలించాను.
తిరిగింది ముప్పై మూడు వేల కిలోమీటర్లు.
కప్పు తెరిచింది
నాలుగు వేల నూట పద్దెనిమిది సార్లు.
మళ్లీ చదివాను.
అందులో సున్నా డిగ్రీల కింద
మూడు వందల ఆరు.
ఆదివారాలూ పండగలూ తీసేసి పంచితే
పనిరోజుకు రెండు.

"ఏం పని చేసేవారు ఆయన?"
"రేవులో కాఫీ గిడ్డంగి. కిటికీ లేని గది.
సంచులకు ఎండ తగలకూడదట.
మనిషి సంగతి ఎవరడిగారు?"
పొద్దున కొండ దిగుతూ ఒకసారి,
సాయంత్రం ఎక్కుతూ ఒకసారి.
"మీరెప్పుడైనా పక్కన..."
"నాకేం పిచ్చా? జుట్టు పాడవుతుంది."

పద్నాలుగు సెకన్లలో తెరుచుకోవాలని కంపెనీ పుస్తకం.
ఇది ఇరవై మూడు తీసుకుంటోంది.
మోటారు మార్చాలి, పద్దెనిమిది వందల యూరోలు కోత.
అంకె రాశాను. కలానికి మూత పెట్టాను.
మళ్లీ తీశాను.
ఏం కలపాలో తోచక మళ్లీ పెట్టాను.

రోడ్డు పరీక్షకు నేనొక్కదాన్నే వెళ్లాలని నియమం.
ఆవిడ అప్పటికే పక్క సీట్లో ఉంది,
కోటు బొత్తాలన్నీ పెట్టుకుని,
దంతవైద్యుడి దగ్గరకు వచ్చినట్టు.

ఒపిచీనా మలుపులో బండి ఆపాను.
కింద సముద్రం తెల్లటి పేలికలుగా చిరుగుతోంది.
ఆవిడ నన్నేమీ అడగలేదు.
వేలు మీట మీదకు వెళ్లింది, అంతే.
కప్పు లేచింది, మూలిగింది,
సగంలో ఆగిపోయింది.
ముందుకు రాదు, వెనక్కి పోదు.

గాలి ఆ సందులోంచే దూరి
మొదట నా ఫారం ఎత్తుకుపోయింది,
తర్వాత ఆవిడ జుట్టు పని పట్టింది.
పంతొమ్మిది, ఇరవై, ఇరవై మూడు, నలభై...
లెక్క వదిలేశాను.
ఆవిడ తల వెనక్కి వాల్చి
తెరిచిన ఆ సగంలోంచి చూస్తోంది.

సీటు కింది వేడి మాత్రం బాగా పనిచేస్తోంది.
ఇందాక అది రాయడం మరిచాను.