చేదు: పదకొండు

కొత్తపేట సందులో మా మందుల కొట్టు.
ఇరవయ్యేళ్లుగా అన్నీ నాలుక చివర పెట్టి చూశాను:
ఏది గొంతు దిగేదాకా చేదో,
ఏది దిగాక కూడా వెనక్కొచ్చి పలకరిస్తుందో.

కెజియాకి ఏడేళ్లు.
వాళ్లమ్మ యార్డులో మిరప తొడిమలు తీస్తుంది.
గొడ్డుకారం ముద్ద కన్ను చెమర్చకుండా మింగే పిల్ల
అర మాత్రకి ఓడిపోయింది.

బెల్లంలో పెట్టారు. బెల్లం మింగి మాత్ర ఉమ్మింది.
అరటిపండులో దాచారు,
ఇప్పుడు గెల కనిపిస్తేనే అనుమానం.
షర్బత్ అని బొంకారు.
ఆ రోజు నుంచి అమ్మ చేతి మంచినీళ్లు కూడా
వాసన చూసి గానీ తాగదు.

సోడా బండి మస్తాన్నడిగి మంచుముక్క తెచ్చాను.
"ముందు ఇది చప్పరించు, నాలుక మొద్దుబారేదాకా.
తర్వాత మందు. చేదే.
తొమ్మిది లెక్కపెట్టేలోగా పోతుంది."

"పది కాదా?"

"నేను తిని చూశానమ్మా. తొమ్మిదే."

నా మొహంలోకి చూస్తూ మింగింది.
వేళ్లు మడిచింది, చాలక మళ్లీ తెరిచింది.
పదకొండు దగ్గర ఆగి
"నీకు లెక్కలు రావు సుభానీ తాతా" అంది.

సీసా మీద చీటీ దిద్దాను.
మోతాదు, పూటకి ఒకటి.
దాని కింద,
చేదు: పదకొండు.