పద్నాలుగు వేల తొమ్మిది వందలు

ఆ చలికాలం కుతాయిసిలో కరెంటు
రోజుకు రెండు గంటలు, అదీ చెప్పి వచ్చేది కాదు.
ఫిజిక్స్ గదిలో పదకొండుమందిమి,
కోట్లు విప్పకుండా, కిరోసిన్ స్టవ్వు చుట్టూ.
బడికి మిగిలింది ఒకే ఒక్క గాల్వనోమీటరు.

రెండోదాన్ని ఓతియా చంపేశాడు:
ట్రాక్టరు బ్యాటరీ తీగలు నేరుగా తగిలించాడు.
ముల్లు ఒక్క దూకు దూకి అంచుకు కొట్టుకుంది.
పల్చటి పొగ, కాలిన లక్క వాసన.
త్సియాలా టీచర్ తిట్టలేదు.
దాన్ని కిటికీలో పెట్టింది,
ఒంగిన ముల్లు మాకేసి చూసేలా.

ప్రసూతి ఆస్పత్రి నుంచి ఎతెరి వచ్చింది,
మంచుబండి మీద లారీ బ్యాటరీ కట్టి లాక్కుంటూ.
"నొప్పుల్లో ముగ్గురున్నారు.
తెల్లారేదాకా ఇది దీపం మోస్తుందా?"

గోరంత సుద్దముక్కతో టీచర్ బోర్డు మీద రాసింది:
ముల్లు కొసదాకా పోవడానికి ఒక మిల్లీ ఆంపియరు చాలు.
మనం కొలవాల్సింది పదిహేను వోల్టుల దాకా.
అంటే మొత్తం నిరోధం పదిహేను వేల ఓములు.
అందులో తీగచుట్ట సొంతానిది వంద, తీసెయ్యండి.
పద్నాలుగు వేల తొమ్మిది వందలు,
అన్నాం, నోళ్లలోంచి ఆవిరి పోతుండగా.

చచ్చిన టీవీ పొట్టలోంచి ఒకటి ఊడదీసింది.
చిక్కుడు గింజంత. గోధుమ, ఆకుపచ్చ, నారింజ పట్టీలు.
"ఇది పదిహేను వేలు, వంద ఎక్కువ" అంది మజియా.
"ఆ వంద నేను క్షమించాను.
ముల్లు ఓ రవ్వ తక్కువ చెబుతుంది, అంతేగా."
శ్రేణిలో, ఒకదాని తోక పట్టుకుని ఒకటి,
స్టవ్వు మీద ఎర్రగా కాల్చిన మేకుతో టంకం.

తగిలించింది.
ఓతియా బల్ల కిందికి దూరాడు.
ముల్లు దూకలేదు.
మోకాళ్లు పట్టుకుని లేచిన ముసలమ్మలా
నింపాదిగా కదిలి
ఇరవైమూడో గీత దగ్గర ఆగింది.
ముప్పై గీతలు, గీతకు అర వోల్టు.
ఎతెరి లెక్క కట్టలేదు. టీచర్ మొహం చూసింది.

అప్పుడు నాలో కవి ఆగలేకపోయాడు:
"టీచర్, బరువంతా ఆ గింజే మోస్తోంది,
ముల్లుకు తెలిసేది నలుసంతే. మనుషుల్లో కూడా..."
"అది కార్బన్ ముక్క, వాఖో.
మనుషుల సంగతి తర్వాత.
మీ నాన్న జిగూలీలో బ్యాటరీ ఉందా, చూసి రా."

వీధి వీధంతా మీటరు పట్టుకు తిరిగాం,
గొడుగు కింద పసిబిడ్డను తిప్పినట్టు.
ఇరవైరెండు. ఇరవైమూడు. ఒక ఇంట్లో కుక్క.
నాన్నది పద్దెనిమిది, సిగ్గుపడ్డాడు.
రొట్టెల కొట్టు వెనక ఇరవైయైదు.

ముగ్గురికి నలుగురు పుట్టారట.

పొద్దున బడికి వెళ్లేసరికి
టీచర్ ఆ గింజను మళ్లీ ఊడదీస్తోంది.
ఏడో తరగతికి ఇవాళ
వట్టి గాల్వనోమీటరు కావాలట.