జల్లెడ పట్టిన మన్ను

మన్నును రెండుసార్లు జల్లెడ పడతా.
మొదటిసారి రాళ్లకు, రెండోసారి నా అనుమానానికి.
బారెడు వెడల్పు, రెండు మంచాల పొడుగు,
కలివి పొదల నడుమ దోవకడ్డంగా పరిచి
చీపురు లాక్కుంటా వెనక్కి వెనక్కి నడుస్తా,
నా అడుగు నా లెక్కలోకి రాకుండా.

లంకమల కింద ఇట్లాంటి పట్టీలు నలభై రెండు.
తెల్లారకముందే టార్చి ఏటవాలుగా పట్టి చదువుకుంటా పోతా.
ఇది కుందేలు, తొందర్లో ఉండాది.
ఇది నక్క, దానికేం తొందర లేదు.
కౌజులు సంతకొచ్చినట్టు వచ్చిపోయినాయి.
తీతువుకు వెనకాల చుక్కంత వేలుంటాది,
దూరాన్నుంచి చూస్తే మోసం చేస్తాది.
నేను వెతికేదానికి మూడే వేళ్లు.
పదకొండేళ్లుగా ఆ లేని వేలి కోసమే వంగుతాండా.
ఇప్పుడు లేచి నిలబడాలంటే నడుమును బతిమాలాల.

రిజిస్టర్లో చివరి గడి కలివికోడిది.
అందులో రోజూ ఒక గీత గీస్తా.
కొత్త రేంజరు సారు అడిగినాడు,
"దస్తగిరీ, గీతేంది? సున్నా పెట్టు."
సున్నా అంటే లెక్క ముగిసినట్టు సార్.
కనపడకపోవడం నా సంగతి.
లేకపోవడం దాని సంగతి.
దాని తరఫున నేనెట్లా సంతకం పెడతా?

ఇరావతి మేడం బద్వేలు బస్సు దిగిననాడు
ఆమె పెట్టె నిండా మైకులే.
అంతకుముందు యాడనో మంచుదేశంలో,
నది సముద్రంలో కలిసే కాడ
తెల్ల తిమింగలాల్ని లెక్కబెట్టేదంట.
"ఒళ్లు పాల రంగే దస్తగిరన్నా, నీళ్లే టీ రంగు.
చెవితోనే లెక్క.
పిల్ల తల్లిని పిలుస్తాంటుంది, ఓడొస్తుంది,
ఓడ దాటిపోయేదాకా మా కాగితం మీద వట్టి గీతలు."

గీతలా!
రిజిస్టరు తెచ్చి ఆమె ముందర పెట్టినా.
ఇద్దరం చానాసేపు ఏం మాట్లాడలేదు.

సముద్రం నేను చూళ్లేదు.
పెన్న ఎండినప్పుడు చెప్పులేసుకొని దాటినోణ్ని.
అయినా ఆ రాత్రి నిద్దట్లో
ముళ్లపొదల నడుమ తెల్లగా ఏదో ఈదుకుంటా పోయింది,
ఒక్క కొమ్మా కదల్లేదు.

మాపటేళ డబ్బా మీట నొక్కుతాం.
రెండు ముక్కల కూత. ఆగి, మళ్లీ రెండు ముక్కలు.
ఎప్పుడో పట్టిన కూత, కూసిన పిట్ట ఇప్పుడుందో లేదో.
పోయినోళ్ల గొంతుతో ఉన్నోళ్లను పిలిచినట్టుంటాది.
కాలవ కాడ ప్రొక్లెయినర్ బదులిస్తాది.
కుక్కలు బదులిస్తాయి.
ఒకనాడు మా ఇంటామె ఫోన్ చేసింది, ఉప్పు తెమ్మని.

ఇరవై ఆరో పట్టీని సుంకులమ్మ మంద తొక్కిపోయింది.
తిట్టను నోరు తెరిచి మూసుకున్నా.
మంద మేయకపోతే పొదలు కమ్ముకుంటాయి,
పిట్టకు పరిగెత్తను సందుండదు.
కట్టెల మోపులు ఎక్కువైతే
దాక్కోను నీడుండదు.
ఇంత సన్నటి జాగాలో బతకాలనుకుంది అది.
లావుగా బతికేది మేము.

వంగి చూసినా.
గొర్రె గిట్ట పక్కన, అంచు చెరిగి,
మూడు వేళ్లు.
నాలుగోది ఉంటే ఉండాల్సిన చోటనే
గిట్ట పడుండాది.

స్కేలు పెట్టి ఫోటో తీసింది మేడం, చేతులు వణుకుతాంటే.
సుంకులమ్మ చద్దిగంప దాని మీద బోర్లించి
తన మందను తానే అదిలించుకుంటా
పొద్దుగూకేదాకా కావలి కూర్చుంది.
నాలుగు దినాలకు పైనుంచి మాటొచ్చింది:
చెప్పలేము.

ఆ నాటి గడిలో గీత గీయలేదు, అంకె వేయలేదు.
పెన్ను మొన ఆనించి తీసేసినా.
చుక్క పడింది.
సారు అడిగితే ఇంకు కారిందంటా.

"నా గంప నాకియ్యన్నా,
చద్ది కొంగులో మూట గట్టుకుంటాండా" అనింది సుంకులమ్మ.
జల్లెడ పక్కన పెట్టి పోయినా.
గంప ఎత్తినా.
దాని మీదుగా అప్పటికే
చీమలు దోవ వేసుకున్నాయి.