ఏది పైన

నాలుగు గంటల్లో పదహారు కిలోమీటర్లు నడిస్తే
వచ్చిన ఉద్యోగం నాది.
నడవడమొక్కటే వచ్చు.
సిద్ధవటం దాటి లంకమల వాలులోకి దిగిన తొలిరోజు
చేతిలో జీపీఎస్, కాళ్లకు కొత్త బూట్లు,
బూట్ల కింద అప్పటికే చెరిగిపోయిన
ఒక దుప్పీ, దాని పిల్లా.

"తొక్కాకు పాపా," అన్నాడు సుంకులయ్య.
"అడుగు మింద అడుగెయ్యాకు. పక్కన నడవల్ల."

ఇరవై మూడు మేకలు, ఒక చిల్లకర్ర,
లారీ టైరు కోసి చేయించుకున్న చెప్పులు.
కుడిదానికి వారు తెగితే
మూడు మేకులు కొట్టుకున్నాడు.

మొదట ఎండని నేర్పాడు.
"అడుగు నీకూ పొద్దుకూ నడుమ ఉండల్ల.
నెత్తిమింద పొద్దుంటే ఏమీ కనపడదు,
పోయి సంగటి తిను."
చెంప నేలకానించి చూసేవాళ్లం.
వట్టి దుమ్మనుకున్న చోట
నీడ నిండిన చిన్న చిన్న గిన్నెలు లేచేవి.
పంది డెక్క. ముంగిస గోళ్లు.
ఎలుగు మడమ,
అచ్చం మా జేజి మడమలాగా వెడల్పుగా.

తర్వాత కాలాన్ని.
ఇసకలో గరాటు గుంత తీసి
చీమ కోసం కూచునే పురుగుందే,
అది అడుగులో కాపురం పెట్టిందంటే నిన్నటి అడుగు.
బాటకి అడ్డంగా సాలెగూడుంటే ఎవరూ పోలేదు.
మంచు రాలిన చుక్కలు అడుగులోపలా ఉంటే రాత్రిది.
అడుగే చుక్కల్ని చెరిపి ఉంటే
"ఇప్పుడే పాయ. మెల్లగ మాట్లాడు."

నూరడుగులకోసారి వెనక్కి తిరిగి చూడమనేవాడు.
అడవికి రెండు ముఖాలంట,
తిరిగొచ్చేవాడికి చూపించేది రెండోదంట.

ఒకనాడు నా జీపీఎస్ సద్దిమూటలో కట్టుకుని
కలివి పొదల మధ్య నన్నొదిలేసి పోయాడు.
చీకటి పడింది. ఏడుపు కూడా వచ్చింది.
అప్పుడు గుర్తొచ్చింది, పెన్న దక్షిణాన.
మంచంకోళ్లని వీపుకి పెట్టుకుని నడిచాను,
ముళ్లు చీల్చినా తిప్పుకోకుండా.
బూటు కింద ఇసక తగిలాక
వెనక నుంచి బీడీ దగ్గు.
"ఎడమ కాలు ఈడుస్తావు పాపా," అన్నాడు.
"నువ్వు యాడికి పోయినా నాకు తెలుస్తాది."

ఈ పొద్దు నక్కలవంకలో
ఏడు జతల కాళ్లు.
మడమలు లోతుగా దిగి, అడుగులు కురచై.
భుజాన బరువున్నవాళ్లు.
ఒకచోట దించుకున్నారు,
చెక్కు తీసిన దుంగ ఆనిన మేర మట్టికి ఎర్రపొడి.
వాళ్ల పక్కనే, బరువు లేకుండా,
టైరు గీతలు.
కుడికాలికి మూడు మేకులు.

కూచుండిపోయాను.

దారి చూపినవాడా?
నా వెంట వచ్చినట్టే వాళ్ల వెంటా
దగ్గు ఆపుకుని పోయినవాడా?
ముందు నడిస్తే ఆయన అడుగు కింద ఉండాలి,
వెనక నడిస్తే పైన.
అడుగు మీద అడుగెయ్యని మనిషి అడుగుని
ఎక్కడని వెతకను?

వంకంతా పాకాను.
రెండు బండల మధ్య ఇరుకులో,
ఆయనకీ పక్కకి జరగ వీల్లేని ఒక్క చోట,
మేకుల గుర్తూ, ఎవరిదో వట్టి మడమా,
ఒకదాన్నొకటి కరుచుకుని.
చెంప ఆనించాను.
అప్పటికే ఎనిమిదిన్నర.
నీడ గిన్నెలోకి ఇంకిపోయింది.
నేనింకా కళ్లు చికిలించి చూస్తూనే ఉన్నా.

మోదుగాకులు నాలుగు తెంపి కప్పాను,
అంచులకి రాళ్లు పెట్టాను.
సాయంత్రం అయిదున్నర దాకా
గాలి రాకూడదు. మేకలు రాకూడదు.
రేంజరుకి ఫోను చెయ్యాలంటే గుట్టెక్కాలి.
ఇంకా ఎక్కలేదు.

ఎగువన గంటలు.
బండ మీద నిలబడి ఆకుల్ని చూశాడు,
నన్ను చూశాడు,
మేకల్ని అవతలికి మళ్లించాడు.
"ఎండ వాలనీ పాపా," అన్నాడు. "తొందరపడాకు."
ఇసక వదిలేసి
రాళ్ల మీదుగా నడిచి వెళ్లిపోయాడు.