అర్ధవిరామం

వరద తీసిన వారానికి
రాజోలు సెంటర్లో, టైపు షాపులో
లంకోళ్ల నష్టాల జాబితా కొట్టాను:

ఓలేటి పేరయ్య, గేదె, దూడ, వల,
కడలి బేబమ్మ, కుట్టుమిషను, గొడుగు,

అన్నీ కామాలే.
ఆఫీసులో బేబమ్మని కూడా
పేరయ్య పోగొట్టుకున్నవాటిలో కలిపేశారు.

తడిసిన మిషను బెల్టు చేతికి చుట్టుకుని
ఆవిడే వచ్చింది.
"ఆయనకీ నాకూ మజ్జన ఏరుందండి,
పంటెక్కితేగాని దాటలేం.
తమరు పిల్లకాలవ పెట్టారు."

ఎవరూ నొక్కక
ఇంకా కొత్తగానే ఉన్న మీట నొక్కితే
వల పక్కన కామా నెత్తిన
చుక్క పొడిచింది.

తెర మీదికి వంగి చూసింది;
తన రేవు ఆనవాలు పట్టినట్టు తలాడించింది.

"సూదులు కూడా రాయండి, పన్నెండు.
వాటికి కాలవ చాల్లెండి."